మూడో సిలిండర్

శ్రవణ్ కారు వచ్చి మెకానిక్ షెడ్డు ముందు ఆగే సరికి పద్మలత బీడీలు చుడుతోంది. ఎప్పుడూ బండిని నేరుగా లోపలికి తోలుకొచ్చే మనిషి, ఆ రోజు రోడ్డు పక్కనే ఆపి, తలుపు దబాలున వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ముందు సీట్లో అతని కూతురు పూజిత ఉంది. పదో తరగతి పిల్ల. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"వదినె, అన్న ఏడి?"

"లోపటున్నడు. ఏమైంది?"

"ఏమైతది? ఇయ్యాల సచ్చేటోళ్లం. పెర్కిట్ దాటినంక పసుపు లారీని దాటుతున్న. సగం దాటిన, ఎదురుంగ బస్సు. కాలు మొత్తం తొక్కిన. బండి గుంజుతలేదు. కార్బురేటర్ల నుంచి టప్పు టప్పుమని కొడుతుంది గని ముంగటికి పోతలేదు. లారీ డ్రైవర్ బ్రేక్ కొట్టిండు గావట్టి బతికినం. బిడ్డ ఉండె వదినె బండ్ల!"

పద్మలత చాట పక్కకు పెట్టి లేచింది.

ఆ కారు డెబ్బై ఎనిమిది నాటి ఫియట్. అంకాపూర్‌లో పసుపు, మొక్కజొన్న విత్తనం పండించే శ్రవణ్‌కు తండ్రి నుంచి వచ్చింది. నలభై ఏళ్ల బండిని పరిగెత్తించాలని అతనికి కోరిక. ఆ కోరిక తీర్చింది పద్మలత భర్త నాగేందర్. ఎనిమిది నెలలు కూర్చుని ఆ ఇంజన్‌ను కొత్తగా కట్టాడు. హెడ్డు చెక్కించాడు, పెద్ద కార్బురేటర్ పెట్టాడు, వాల్వులు ఇంకా ఎక్కువగా తెరుచుకునేలా క్యామ్‌షాఫ్ట్ రూపు మార్పించాడు, గట్టి స్ప్రింగులు వేశాడు. ఎనభై దాటితే రొప్పే బండి నూట ఇరవై దాటి పోయింది. ఆర్మూర్‌లో బండ్లంటే పిచ్చి ఉన్నవాళ్లంతా వచ్చి చూసి పోయారు.

అదే నాగేందర్ కట్టిన ఆఖరి ఇంజన్. బండి అప్పగించిన నెలకు, ఒక పొద్దున బకెట్లోంచి చెంబుతో నీళ్లు ముంచుకుంటూ కూలబడిపోయాడు. కుడి వైపు చచ్చుబడింది. మాట పోయింది. 'ఆగు' అనే ఒక్క మాట మాత్రం మిగిలింది. ఆకలేసినా అదే, దప్పికైనా అదే, కోపం వచ్చినా అదే. ఐదు నెలలైంది.

శ్రవణ్ గొంతు పెంచాడు. "ఊర్ల అందరు అంటనే ఉన్నరు. ఇంజన్ కట్టేటప్పటికే నాగేందరన్న చెయ్యి పోయిందని. నేనే ఇనలేదు. ఆదివారం దాక చూస్త. హైదరాబాద్‌ల మాట్లాడిన. ఈ ఇంజన్ తీసి పాతసామాన్లకు ఏసి, మామూలు ఇంజన్ ఎక్కిస్తరు."

రేకుల గోడకు అవతల నాగేందర్ మంచం ఉంది. అతనికి చెవులు బాగానే వినిపిస్తాయి.

"ఆదివారం దాక బండి ఈడనే పెట్టు," అంది పద్మలత.

"ఎవరు చేస్తరు వదినె?"

"నేను చూస్త."

అతను ఆమె వేళ్ల వంక చూశాడు. బీడీ ఆకు కత్తిరించి కత్తిరించి కాయలు కాచిన వేళ్లు. ఏదో అనబోయి, కూతురు ఉందని ఆగిపోయాడు. తాళాలు బానెట్ మీద పెట్టి, పూజితను తీసుకుని ఆటో ఎక్కాడు. అది గురువారం.

పద్మలతకు పెళ్లై పదహారేళ్లు. ఆ పదహారేళ్లూ షెడ్డులో ఒక మూల కూర్చుని బీడీలు చుట్టింది. నాగేందర్‌కు పని చేస్తూ తనలో తాను మాట్లాడుకునే అలవాటు. "ఇది పాయింట్ల గ్యాప్ కాదు, కండెన్సరే," అని గొణుక్కుంటూ చెయ్యి చాచేవాడు. ఏ పానా అడుగుతున్నాడో చూడకుండానే ఆమె అందించేది. అంత మాత్రమే ఆమె చదువు. బండి తోలడం అతనే నేర్పాడు గానీ, ఇంజన్ మీద ఆమె ఒంటరిగా చెయ్యి వేసింది లేదు. అతను పడిపోయాక పనివాడు దుబాయి వెళ్లిపోయాడు. ఆమె మోటార్ సైకిళ్లకు నూనె మార్చి, ప్లగ్గులు తుడిచి షెడ్డు మూతపడకుండా కాపాడుతోంది.

నిజానికి ఆమెను భయపెట్టింది షెడ్డు కాదు. నాగేందర్ నెల రోజులుగా సరిగ్గా తినడం లేదు. కాళ్లూ చేతులూ ఆడించే కసరత్తు చేయించడానికి వచ్చే అమ్మాయిని ఎడమ చేత్తో తోసేస్తున్నాడు. గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. ఇప్పుడు ఆ ఇంజన్‌ను అతని కళ్ల ముందే విప్పి పాతసామాన్లకు వేస్తే ఆ మనిషి ఇక లేవడని ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రమే బానెట్ ఎత్తింది. గాలి వడపోత డబ్బా విప్పగానే ప్రాణం లేచొచ్చింది. లోపల పసుపు దుమ్ము ముద్ద కట్టి ఉంది. శ్రవణ్ వాకిట్లో పసుపు కొమ్ములు మెరుగు పెట్టే డ్రమ్ము ఉంది, కారు దాని పక్కనే నిలబెడతాడు. గాలి ఆడకపోతే ఇంజన్ ఎట్లా గుంజుతుంది? దొరికిందనుకుంది. దులిపి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించి బండిని సిద్ధులగుట్ట ఘాట్ రోడ్డు ఎక్కించింది. మొదటి మలుపు దాకా బాగానే పోయింది. రెండో మలుపులో కార్బురేటర్ టప్పుమంది. మూడో గేరు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి దింపింది. వెనక మోటార్ సైకిళ్లు హారన్లు కొడుతున్నాయి. బండి ముసలి ఎద్దులా మోకాళ్ల మీద పడి ఈడ్చుకుంటోంది. సగంలోనే తిప్పుకుని వచ్చేసింది.

శుక్రవారం పొద్దున్నుంచి ఒక్కొక్కటే పట్టుకుంది. కార్బురేటర్ వెనక్కి తంతోందంటే పెట్రోలు చాలడం లేదని నాగేందర్ అనడం ఆమెకు గుర్తు. జెట్లు విప్పి ఊదింది. పెట్రోలు పంపు చూసింది. గొట్టం కొత్తది వేసింది. ట్యాంకు మూత తీసి నడిపి చూసింది. ఫలితం లేదు. ప్లగ్గులు తీస్తే మూడు ఇటుక రంగులో ఉన్నాయి, మూడో సిలిండర్‌ది మాత్రం మసిబారి ఉంది. ప్లగ్గు మార్చింది, వైరు మార్చింది. పాయింట్లు, కండెన్సర్, టైమింగు అన్నీ సరిచూసింది. మళ్లీ మసే. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే గేజు పెట్టింది. నాలుగూ దాదాపు సమానం. పై మూత విప్పి టాపెట్లు చూసింది. వాల్వును నొక్కే చేతికీ వాల్వుకూ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. మూడో సిలిండర్ పొగ వాల్వు దగ్గర ఆ సందు ఎక్కువైంది. సరిచేసింది. బండి కాస్త తేరుకున్నట్టే అనిపించి, ఘాట్ మీద మళ్లీ అదే చోట కూలబడింది.

మధ్యాహ్నానికి ఆమె దగ్గర ఇక చూడాల్సింది ఏమీ మిగలలేదు. లోపలికి వెళ్లింది.

"లే. జర వచ్చి చూడు."

నాగేందర్ గోడ వైపు తిరిగాడు.

"నాకు తెలుస్తలేదు. నువ్వు కట్టినవ్, నీకే ఎరుక. లే."

"ఆగు," అన్నాడు.

ఆమె ఆగలేదు. చంకల కింద చేతులేసి లేపి కుర్చీలో కూలేసింది. కుర్చీని గచ్చు మీద బరబర ఈడ్చుకొచ్చి బానెట్ ముందు పెట్టింది. ఐదు నెలల తర్వాత అతను ఒక ఇంజన్ ముందు కూర్చున్నాడు. ఆమె స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ లాగింది. టప్పు, టప్పు. అతని ముఖం ముడుచుకుపోయింది.

"కార్బురేటరేనా?"

అతను తలూపాడు. అవునని.

"జెట్లా? నేను కడిగిన గద. పంపా?"

మళ్లీ తలూపాడు.

"పాయింట్లా?"

తలూపాడు.

ఆమె ఇంజన్ ఆపేసింది. అతని ముందు గొంతుకూర్చుని కళ్లలోకి చూసింది. "ఇగో. నా పేరు సాయవ్వనా?"

అతను ఆదుర్దాగా, ఆమెను ఎలాగైనా సంతోషపెట్టాలన్నట్టు, తలూపాడు.

పద్మలత అక్కడే కూలబడింది. దవాఖానలో డాక్టరు చెప్పినప్పుడు నమ్మలేదు. అవును కాదు అనేవి కూడా కలగాపులగం అయిపోతాయి, కొన్నాళ్లు ఆయన తల ఊపును నమ్మకండి అన్నాడు. పదహారేళ్లు ఈ షెడ్డులో గొణుగుతూ తిరిగిన మనిషి ఆ ఒంట్లో ఎక్కడో ఉన్నాడు. తను పిలుస్తోంది, అతనికి వినిపిస్తోంది. తలుపు మాత్రం ఏ వైపు నుంచీ తెరుచుకోవడం లేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రోడ్డు మీద వెళ్లేవాళ్లు చూస్తున్నారన్న సోయి కూడా లేదు.

శనివారం తెల్లారి, వేరే దారి తోచక, నిన్న చేసిందే మళ్లీ చేసింది. నాగేందర్‌ను కుర్చీలోనే కూర్చోబెట్టి పై మూత విప్పింది. టాపెట్ సందులో గేజు రేకు పెట్టి చూసింది. మూడో సిలిండర్ పొగ వాల్వు సందు మళ్లీ పెరిగింది. నిన్ననే కదా సరిచేసింది? నట్టు వదులైందేమో అనుకుని చూసింది. గట్టిగానే ఉంది. సరిచేద్దామని పానా వేసింది.

"ఆగు!"

నాగేందర్ ఎడమ చెయ్యి ఆమె మణికట్టును పట్టుకుంది. ఐదు నెలల్లో అంత బలంగా అతను దేన్నీ పట్టుకోలేదు. ఆ చేతిని కిందికి నొక్కాడు. ఇంకా కిందికి. ఆమె కూర్చోబోయింది. "ఆగు, ఆగు!" అని అరిచి, విసుగుతో తొడ కొట్టుకుని, ఒక వేలు ఆ వాల్వు చేతి మీద పెట్టాడు. వేలు కిందికి, పైకి, కిందికి, పైకి ఆడించాడు.

"తిప్పాల్నా? తిప్పి చూడాల్నా?"

అతని తల ఊపు కోసం ఆమె చూడలేదు. ప్లగ్గులు తీసేసి, ఫ్యాన్ బెల్టు పట్టుకుని ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పింది. ఎనిమిది వాల్వులు ఒకదాని తర్వాత ఒకటి కిందికి దిగి లేస్తున్నాయి. ఏడు వాల్వులు బాగా లోతుకు దిగాయి. మూడో సిలిండర్ పొగ వాల్వు సగం దిగి, ఇక చాలన్నట్టు పైకి లేచింది. కళ్లు మోసం చేస్తున్నాయేమోనని స్కేలు పెట్టి కొలిచింది. మిగతావి తొమ్మిది మిల్లీమీటర్లు. ఇది ఐదు కూడా లేదు.

అప్పుడు ఆమెకు అంతా కళ్లకు కట్టింది. వాల్వు మూసుకోవడం బాగానే మూసుకుంటోంది, అందుకే గేజులో ఒత్తిడి సరిగ్గా చూపించింది. పూర్తిగా తెరుచుకోవడమే లేదు. పొగ గొట్టం పూడుకుపోయిన ఇంట్లో పొయ్యి మండదు. కాలిన పొగ బయటికి పోక, కొత్త పెట్రోలు గాలి లోపలికి రాక, అదే వెనక్కి తిరిగి కార్బురేటర్‌లోంచి తన్నుతోంది. తప్పు పైన కాదు. కింద, ఇంజన్ కడుపులో ఆ వాల్వును నెట్టే క్యామ్ అరిగిపోయింది.

"దొరికింది! ఇగో, దొరికింది!" అంటూ తిరిగి చూసింది.

నాగేందర్ ఏడుస్తున్నాడు. శబ్దం లేకుండా, నోరు వంకరపోయి ఏడుస్తున్నాడు. ఎడమ చేత్తో తన కుడి చేతిని కొడుతున్నాడు. మళ్లీ మళ్లీ కొడుతున్నాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. సంతోషంతో కాదని తెలుస్తూనే ఉంది. ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

క్యామ్ బయటికి లాగడం ఒంటరిగా అయ్యే పని కాదు. బస్టాండు దగ్గర లేత్ మిషన్ నడిపే హన్మయ్య దగ్గరికి వెళ్లింది. డెబ్బై ఏళ్ల మనిషి, నాగేందర్‌కు పని నేర్పిన వాళ్లలో ఒకడు. ఆమె చెప్పింది విని మిషన్ ఆపేశాడు.

"క్యామ్ అరిగిందా? అనుకున్న బిడ్డా. దానికి గట్టి పెట్టియ్యలేదు."

"అంటే?"

"పట్నంల చెక్కించి తెచ్చిండు గద. చెక్కితే మీది గట్టి పొర పోతది. మల్ల కొలిమి పనికి పంపి కాల్పించాలె. గప్పుడే ఇనుము ఆగుతది. గా స్ప్రింగులు చూస్తే బలమైనయి, మెత్తటి ఇనుమును బతకనిస్తయా? నేను చెప్పిన. పదిహేను దినాలు పడతది, పంపురా అన్న. టైం లేదు మామా అన్నడు."

"ఎవరు తొందర పెట్టిండ్రు? శ్రవణ్ ఎన్నడు అడగలేదు."

హన్మయ్య గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. శుభ్రమైన చేతుల్నే తుడుచుకుంటూ ఉన్నాడు.

"నీకు చెప్పద్దని ఒట్టు పెట్టిండు. ఇగ ఏం ఒట్టు. చెయ్యి మొద్దువారుతుంది మామా అన్నడు. పానా ఇడిసిపెడుతుండె. నా ముంగటనే రెండుసార్లు జారింది. ఒకపాలి మాట గుడ తడవడ్డది, జరసేపటికి మంచిగైంది. దవాఖానకు పోరా అన్న. పోతే పండవెడతరు, ఇంజన్ అయినంక పోత, పద్మకు చెప్పకు, చెప్తే ముట్టనియ్యది అన్నడు. చెయ్యి ఉండంగనే కట్టాలె అన్నడు."

పద్మలత వెనక్కి తిరిగింది. ఎట్లా నడిచి వచ్చిందో ఆమెకు తెలియదు. రోడ్డు నిండా నిజామాబాద్ యార్డుకు పోయే పసుపు లారీలు. ఐదు నెలలుగా ఆమె తనకు తాను చెప్పుకున్నది ఒకటే మాట, ఎవరికి ఎరుక, ఉరుము లేని పిడుగు పడ్డది అని. దవాఖానలో డాక్టరు అడిగాడు, ముందుగా చేతులు తిమ్మిరెక్కడం, మాట తడబడటం ఏమన్నా ఉండెనా, ఉంటే అప్పుడే మందులు పడితే ఇంత దాకా రాకపోవచ్చు అని. ఏమీ లేదు సార్ అని ఆమే చెప్పింది. ఒట్టేసి చెప్పింది.

షెడ్డులోకి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"నీకు ముందే ఎరుక. ఎరుకుండి చెప్పలేదు."

నాగేందర్ తల ఊపలేదు. తల తిప్పుకోనూ లేదు.

"నాకంటె గీ ఇనుము ఎక్కువైందా నీకు? చెయ్యి పోతదని ఎరుకయ్యి, నన్ను గుడ్డిదాన్ని చేసి, కొంపల కూసోవెట్టి... పానా జారితే మామకు చెప్తివి. నాకు చెప్పలేదు. నేను గీ మూలకే ఉన్న గద! పదారేండ్లు గీడనే కూసున్న గద!"

చేతిలోని గేజు రేకును విసిరికొట్టింది. అది రేకుల గోడకు తగిలి ఎక్కడో పడింది. ఆమె బీడీల చాట పక్కన గోడకు జారగిలబడి, మోకాళ్లలో తల పెట్టుకుంది. ఆకలి లేదు, ఏడుపు కూడా రాలేదు. లేచి ఎటన్నా వెళ్లిపోవాలనిపించింది. ఎక్కడికి పోవాలో తోచలేదు.

చాలాసేపటికి ఇనుము గీరుకున్న చప్పుడు వినిపించింది. తల ఎత్తి చూసింది. నాగేందర్ కుర్చీలో ముందుకు వంగి, ఎడమ చేత్తో పానా పట్టుకుని, రేడియేటర్ బోల్టు విప్పడానికి చూస్తున్నాడు. పానా జారింది. మళ్లీ పెట్టాడు. జారింది. ఎడమ చెయ్యి ఎన్నడూ పని చేసిన చెయ్యి కాదు. వేలు చెక్కుకుని నెత్తురు వస్తోంది. ఆమె కదల్లేదు. కోపంతోనే చూస్తూ కూర్చుంది. ఆరోసారో ఏడోసారో పానా కింద పడింది, అతను వంగి అందుకోబోయి కుర్చీ మీదినుంచి ఒరిగాడు. అప్పుడు లేచింది. అతన్ని సరిగ్గా కూర్చోబెట్టి, పానా తీసుకుని, ఒక్క మాట మాట్లాడకుండా ఆ బోల్టు విప్పింది. తర్వాతి దాని మీద అతను వేలు పెట్టాడు. అదీ విప్పింది.

ఆదివారం పొద్దున హన్మయ్య వచ్చాడు. ముగ్గురూ కలిసి క్యామ్‌ను బయటికి లాగి గోనెసంచి మీద పెట్టారు. ఎనిమిది గుడ్ల లాంటి మిట్టల్లో ఒకటి నున్నగా, గుండ్రంగా అరిగిపోయింది. దాని మీద ఆనే టాపెట్ ముఖం గుంట పడింది. ఇంజన్ నూనెలో ఇనుప రజను మెరుస్తోంది.

హన్మయ్య గొంతు తగ్గించాడు. "బిడ్డా, శ్రవణ్ నూనె మంచిది పోయ్యలేదని చెప్పు. గిట్లాంటి ఇంజన్లకు నూనె తేడా అయితే క్యామ్ పోతది, అబద్ధమేం గాదు. ఎవనికి ఎరుకైతది? నాగేందర్ పేరన్న నిలవడ్తది."

ఆమె ఆలోచించింది. అబద్ధం నోటి దాకా వచ్చింది కూడా. కానీ శ్రవణ్ వచ్చినప్పుడు అతని వెనక మోటార్ సైకిల్ మీది నుంచి పూజిత దిగింది. ఆ పిల్ల షెడ్డు గడప దగ్గరే నిలబడిపోయింది, కారు దగ్గరికి రాలేదు.

"తప్పు మాదే," అంది పద్మలత. క్యామ్ చేతిలోకి తీసుకుని చూపించింది. "గట్టి పెట్టియ్యకుండ ఎక్కిచ్చిండు. చెయ్యి పోతుందని ఎరుకయ్యి, ఆగమాగం ఎక్కిచ్చిండు. నాకు నిన్ననే తెలిసింది. ఊరోళ్లు అన్నది నిజమే."

నాగేందర్ కళ్లు మూసుకున్నాడు.

శ్రవణ్ ఆ అరిగిన మిట్ట మీద బొటనవేలితో రుద్దాడు. "చెప్తే ఆగుతుంటి గదనే అన్నా," అన్నాడు నాగేందర్‌తో. "ఏండ్లు పడితే ఏండ్లు ఆగుతుంటి. బండి ఏడికి పోతది? నా బిడ్డ ఉండెనే గండ్ల." బయటికి వెళ్లి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. తిరిగి వచ్చి పద్మలతను అడిగాడు. "మల్ల ఎన్ని దినాలు?"

"మూడు వారాలు. గా పాత తీరు క్యామే ఏస్త, పాత స్ప్రింగులే. నూట ఇరవై పోదు. గుంజుతది మాత్రం."

"హైదరాబాద్‌కు ఫోన్ చేసి వద్దంట," అన్నాడు. సంతోషంగా అనలేదు. "బిడ్డను మాత్రం ఎక్కియ్య. గది నాతోని గాదు."

మూడు వారాలూ నాగేందర్ కుర్చీ ఇంజన్ పక్కనే ఉంది. ఈసారి క్యామ్ కొలిమి పనికి వెళ్లి, గట్టిపడి, వచ్చాకే లోపలికి పోయింది. అతను వేలు చూపించేవాడు, ఆమె బిగించేది. పనికి సంబంధించిన మాటలే మాట్లాడింది, మిగతా మాటలు మానేసింది. అన్నం కలిపి పెట్టడం కూడా మానేసి, పళ్లెం ముందు పెట్టి వెళ్లిపోయేది. రెండో వారానికి ఎడమ చేత్తో, కింద సగం పారబోసుకుంటూ, తినడం మొదలుపెట్టాడు.

బండి పద్మలత చెప్పినట్టే నడిచింది. సిద్ధులగుట్ట పైదాకా రెండో గేరు దాటి కిందికి దింపే అవసరం రాలేదు. మునుపటి పరుగు లేదు, మునుపటి ఉరుము లేదు. శ్రవణ్ వచ్చి, నడిపి చూసి, తలూపి తీసుకెళ్లాడు. బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు.

ఆ మర్నాడు పద్మలత షెడ్డుకు తాళం వేసి నాగేందర్‌ను నిజామాబాద్ దవాఖానకు బయల్దేరదీసింది. డాక్టరుకు ఈసారి నిజం చెప్పాలి. తిమ్మిర్లు ఎన్నడు మొదలయ్యాయో, మాట ఎన్నిసార్లు తడబడిందో హన్మయ్యను అడిగి కాగితం మీద రాసుకుంది. బస్సు వచ్చింది. ఆమె ఎత్తి ఎక్కించబోతే అతను ఎడమ చేత్తో తలుపు పక్క కడ్డీ పట్టుకున్నాడు. ఎడమ కాలు మెట్టు మీద పెట్టి, కుడి కాలిని ఈడ్చి పక్కన పెట్టుకుని, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎడమ కాలు. లోపలి జనం తొంగి చూస్తున్నారు. డ్రైవర్ బండి కదపబోతే కండక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె అతని వీపు వెనక రెండు చేతులూ చాచి, తాకకుండా, నిలబడింది.